కాలిబంతి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

జాలరిపేట విశాఖపట్టణపు సముద్రతీరమున నున్నది. ఉదయము పడవలు ఒడ్డు చేరువేళ అచ్చట చేపల గంపలు, బేరముల కేకలు, వలలు దులుపు చేతులు తప్ప వేరొకటి కానరాదు. సాయంకాలము మాత్రము ఆ ఇసుక కుర్రవాండ్రది. ఆరవేసిన వలలను ఒక ప్రక్కకు విడిచి, రెండు జతల చెప్పులను గోలుగుంజలుగా పెట్టుకొని, వారు చీకటి పడువరకు ఫుట్‌బాలు ఆడుచుందురు. ఆట ముగిసిన పిమ్మట చర్చ మొదలగును. ఆటకు కాలపరిమితి యున్నది గాని చర్చకు లేదు.

ఇటీవల ఒకనాడు అటు నడచిపోవుచు ఆ చర్చ వింటిని. వచ్చు ఆదివారము ఈ పేట జట్టునకు మరియొక పేట జట్టుతో పోటీ యట. ఆ జట్టు అంతకుముందు ఆడిన పోటీలన్నిటను ఓడినది. కావున ఇచ్చట గెలుపును గూర్చి ఎవ్వరికిని సందేహము లేదు. ఎన్ని గోలులు వేయవలె నన్నదే వాదము. ఒకడు ఐదు అనెను. మరియొకడు ఐదు చాలవనెను. మంచి ఆటగాండ్ర నిద్దరిని ఆనాడు కూర్చుండబెట్టి, తరువాతి గట్టిపోటీకి దాచుకొనుట మేలని మూడవవాడు సలహా చెప్పెను. దగ్గర కూర్చుండి వల అల్లుకొనుచున్న వృద్ధు డొకడు తల అడ్డముగా త్రిప్పెను. తుపాను నాడు పడవ మునుగదనియు, ఆనాడు ఎవడును పడవ దింపడు గదా యనియు, సముద్రము నెమ్మదిగా నున్నదని నమ్మి దింపిన నాడే మునుగుననియు అతడు చెప్పి మరల వలలో తల దూర్చెను. కుర్రవాండ్రు నవ్విరి. చర్చ ఐదు గోలులకడనే మరల ఆరంభమాయెను.

ఆ మాట విన్నంతనే నాకు సయ్యద్ అబ్దుల్ రహీం జ్ఞప్తికి వచ్చిరి. తెలుగుగడ్డపై పుట్టి, భారతదేశమునకు ఫుట్‌బాలులో అత్యున్నతమైన దినములను చూపించి, యాబదినాలుగేండ్లు నిండకుండగనే గతించిన ఉపాధ్యాయు డాయన. బలవంతుడు బలహీనుని ఎదుట ఎట్లు నిలువవలెనో, బలహీనుడు బలవంతుని ఎదుట ఎట్లు నిలువవలెనో ఆ రెండును ఎరిగిన శిక్షకుడు మన దేశమున ఆయనవంటివాడు మరియొకడు పుట్టలేదని చెప్పిన అతిశయోక్తి కానేరదు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. అది నిజాముల పాలన సాగుచున్న కాలము. బ్రిటిషు సైనికుల దండు సికిందరాబాదున నుండుటచే ఫుట్‌బాలు ఆ జంటనగరములకు చాల ముందుగనే ప్రవేశించినది. దండువారి ఆటను గోడలమీద కూర్చుండి చూచిన బాలురే పిమ్మట గల్లీలలో బంతిని తన్ననారంభించిరి. రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొని, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడిరి. తరువాత ఆ విద్యార్థులును పూర్వవిద్యార్థులును కలిసి యేర్పరచుకొన్న ఎలెవెన్ హంటర్స్ అను జట్టులోను ఆడిరి. ఆటగానిగా ఆయనకు స్థానికముగ మంచిపేరే యుండెను. అయినను చరిత్ర ఆయనను జ్ఞాపకముంచుకొన్నది ఆడినందులకు కాదు, ఆడించినందులకు.

ఆయన వృత్తి ఉపాధ్యాయత్వము. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఈ పాఠశాలలలో ఆయన పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పిల్లలకు వ్యాయామము గరపుభారము కూడ స్వీకరించిరి. ఈ సంగతిని తేలికగా దాటిపోరాదు. పాఠశాలలో పనిచేసినవానికి ఒక విషయము అనుభవముచే తెలియును. తరగతిలో మొదటి బల్లమీది విద్యార్థిని చూచి గర్వించుట సులభము. చివరి బల్లమీది విద్యార్థికి ఏమి రాదో కనుగొని, అది నేర్పుటయే కష్టము. రహీం ఆటస్థలమునకు తెచ్చినది ఈ ఉపాధ్యాయదృష్టియే. ఆయన తన ఆటగానిలో ముందుగా వెదకినది బలమును కాదు, కొరతను.

1940ల ఆరంభమున హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు ఆయన కార్యదర్శి యైరి. మరణించువరకు ఆ బాధ్యతను మోసిరి. సంఘము చేతికి వచ్చినంతనే ఆయన చేసిన పని పెద్దపెద్ద కప్పులు పెట్టుట కాదు. పిల్లలకును యువకులకును క్రొత్తరకపు పోటీలు పెట్టుట. వానిలో ఒకదానియందు బంతిని కాళ్లనడుమ త్రిప్పుకొనుచు ఒంటరిగా పరుగెత్తుట నిషేధము. బంతి అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. తన నేర్పు చూపుకొనదలచిన వానికి ఆ పోటీలో చోటు లేదు. మరియొక పోటీ ఇంకను చిత్రమైనది. ఆటగానికి సహజముగా ఏ కాలు అలవాటో ఆ కాలితో కాక, అలవాటు లేని కాలితోడనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితోడను, ఎడమకాలివాడు కుడికాలితోడను గోలు వేసిననే లెక్క.

ఈ రెండవ పోటీ నియమమును విన్నప్పుడెల్ల నాకు రహీం జీవితసారమంతయు దానియందే యున్నదని తోచును. పోటీకి ముందు అభిమానులు ఎదుటిజట్టు బలహీనతలను లెక్కించుచుందురు. వారి గోలుకీపరు పొట్టివాడనియు, వారి వెనుకవరుస నెమ్మదియనియు, వారు పోయినసారి ఓడిరనియు వ్రేళ్లు మడచుచుందురు. రహీం లెక్కించినది తనవారి బలహీనమైన కాలిని. ఎదుటివాని కొరత ఎదుటివాని యింటి సంగతి. దానిని దిద్దుటకుగాని పెంచుటకుగాని మనకు అధికారము లేదు. మన కొరత మాత్రము రేపు ఉదయము మైదానమునకు పోయినచో తగ్గును. ఇంత చిన్న తర్కముమీద ఆయన ఒక నగరపు ఫుట్‌బాలును నిలువబెట్టిరి.

1950వ సంవత్సరమున రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టువారు పోలీసు ఉద్యోగులు. కలకత్తా క్లబ్బులకు ఉన్నట్టి ధనబలముగాని, వేలకొలది అభిమానుల అండగాని వారికి లేవు. ఆ యేడే వారు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిరి. మరుసటి యేడును గెలిచిరి. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ కప్పు హైదరాబాదునకే వచ్చినది. డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను గెలిచిరి. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాత ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టై, 1961లో మరల డ్యూరాండ్ కప్పును తెచ్చినది. హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని 1956-57లోను, 1957-58లోను వరుసగా రెండుమారులు గెలిచినది.

ఒకసారి గెలుచుట సామర్థ్యము. ఐదుసార్లు వరుసగా గెలుచుట శీలము. ఏలయన, రెండవ గెలుపు తరువాత ప్రతి జట్టును మనకంటె బలహీనమైనదిగనే కనబడును. మొదటి పోటీలలో ఎవరో ఊరు పేరు తెలియని జట్టు ఎదురగును. ప్రేక్షకులు ఎన్ని గోలులని పందెములు వేసికొందురు. ఆటగాని చెవికి ఆ మాటలు సోకకుండునా? అట్టి దినములలోనే పెద్దజట్లు కూలిపోవుట ఆట తెలిసినవారందరు చూచినదే. అట్టి పొరపాటు ఐదేండ్లపాటు రోవర్స్ కప్పులో ఒక్కనాడును జరుగకుండ చూచుట రహీం సాధించిన ఘనకార్యము. ఆయన క్రమశిక్షణకు పేరుపడినవారు. మాట తక్కువ, కన్ను ఎక్కువ. బంతిని నేలమీదనే యుంచి, చిన్న చిన్న అందింపులతో వేగముగ ముందునకు సాగుట ఆయన నేర్పిన పద్ధతి. ఎదురు నిలిచినది ఎవరైనను ఆ పద్ధతి మారదు. కనుకనే ఆ జట్టు బలహీనుని ఎదుట సోమరి కాలేదు, బలవంతుని ఎదుట బెదరలేదు.

ఆ దినములలోనే భారతజట్టు భారము ఆయనపై పడినది. 1951లో ఢిల్లీయందు మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. మన జట్టు ఇండొనేషియాను మూడు గోలులతోను, ఆఫ్ఘనిస్థానమును మూడు గోలులతోను ఓడించి, ఫైనలులో ఇరానును ఒక గోలుతో గెలిచి స్వర్ణపతకము నందుకొన్నది. ఈ మూడు పోటీలలోను మన గోలులోనికి ఒక్క బంతియు పోలేదు. దేశమంతయు సంతోషించినది. ఆసియాలో మనకు సాటి లేరన్న నమ్మకము ప్రబలినది.

ఆ నమ్మకము మరుసటి సంవత్సరమే పగిలినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మనవారిని పదింటికి ఒక గోలుతో ఓడించినది. మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకుండ ఉత్తకాళ్లతో ఆడువారు. ఆ చలిదేశపు నేలమీద ఆ కాళ్లు సాగలేదు. అంతటి అవమానము పొందిన జట్టునకు శిక్షకుడుగా నుండుట సామాన్యమైన పరీక్ష కాదు. నెపములు చెప్పదలచినచో చలియున్నది, నేలయున్నది, అదృష్టమున్నది. ఆ ఓటమి నేర్పిన పాఠము మాత్రము అంగీకరింపబడినది. దేశవాళీ పోటీలలో బూట్లు తొడుగుట విధి యైనది. ఐరోపాలో వచ్చుచున్న క్రొత్త వ్యూహములను రహీం శ్రద్ధతో పరిశీలించిరి. ముగ్గురు రక్షకులతో ఆడు పాతపద్ధతిని విడిచి, నలుగురు వెనుకను, ఇద్దరు నడుమను, నలుగురు ముందును నిలుచు పద్ధతివైపు మన ఆటను త్రిప్పిరి. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచి లోకమునకు చూపిన వ్యూహ మిదియే.

నాలుగేండ్లు గడచినవి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు మన జట్టు వెళ్లినది. అందు నూర్ మహమ్మదు, అజీజుద్దీను, అహమ్మద్ హుస్సేను, జుల్ఫికరుద్దీను, తులసీదాస్ బలరాం మున్నగు హైదరాబాదు ఆటగాండ్రుండిరి. వీరిలో బలరాం సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడ బస్తీలో పెరిగిన పేదబాలుడు. హంగరీ జట్టు తప్పుకొనుటచే మనకు మొదటి పోటీ లేకుండనే ముందడుగు లభించినది. రెండవది ఆతిథ్యమిచ్చు ఆస్ట్రేలియాతో. పదింటికి ఒక గోలుతో ఓడిన దేశమును ఆ దేశీయులు ఏ కన్నుతో చూచియుందురో ఊహింపవచ్చును. డిసెంబరు 1వ తేదీన మనవారు నాలుగింటికి రెండుగా గెలిచిరి. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసూజా మూడు గోలులు వేసి, ఒలింపిక్ ఫుట్‌బాలులో అట్లు చేసిన మొదటి ఆసియావాసి యాయెను. క్రీడలు ముగిసిన పిదప సిడ్నీలో అదే దేశముతో స్నేహపూర్వకముగ మరల ఆడి, ఏడింటికి ఒక గోలుతో గెలిచిరి. మొదటిది యాదృచ్ఛికమని తలచినవారికి అంతకంటె సమాధాన మక్కరలేదు.

సెమీఫైనలులో మరల యుగోస్లావియా ఎదురైనది. ఈమారు మొదటి గోలు మనది. చివరకు నాలుగింటికి ఒకటిగా ఓడిరి. కంచుపతకపు పోటీలో బల్గేరియా మూడు గోలులతో మనలను గెలిచినది. నాలుగవ స్థానము. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే.

ఈ కథలో ఒక చేదుపుట కలదు. దానిని దాచిన చరిత్ర కాదు. మెల్బోర్నులో నాలుగవ స్థానము పొందిన దేశమునకు రెండేండ్ల తరువాత 1958లో టోకియో ఆసియా క్రీడలలో పతకమే రాలేదు. ఇండొనేషియాతో ఒకటికి రెండుగా ఓడి, దక్షిణకొరియాతో ఒకటికి మూడుగా ఓడి, కంచుపతకపు పోటీలో మరల ఇండొనేషియాతో ఒకటికి నాలుగుగా ఓడి వచ్చిరి. ఆస్ట్రేలియాను ఏడు గోలులతో గెలిచిన దేశమునకు ఈ జట్లు ఒక లెక్కయా యని ఇచ్చటి అభిమానులు తలచియుండుట సహజము. బంతికి మాత్రము పాతలెక్కలు తెలియవు.

1960లో రోము ఒలింపిక్ క్రీడలు. మన వర్గములో హంగరీ, ఫ్రాన్సు, పెరూ దేశములు. మూడును మనకంటె ఎన్నోరెట్లు పేరుపొందినవి. ఇచ్చట మన జట్టే బలహీనము. హంగరీతో రెండింటికి ఒకటిగా మాత్రమే ఓడిరి. ఫ్రాన్సుతో ఒకటికి ఒకటిగా సమానముగ నిలిచిరి. కెప్టెన్ పి. కె. బెనర్జీ వేసిన గోలుతో ముందుండి, చివరి భాగమున ఆ ఆధిక్యమును కోల్పోయిరి. పెరూతో ఒకటికి మూడుగా ఓడిరి. హంగరీపైనను పెరూపైనను గోలు వేసినది అమ్ముగూడ బలరాం. పతకము రాలేదు గాని, ఎదుటివారు మనలను తక్కువగా ఎంచుటకు వీలులేని దినము లవి. ఆ తరువాత నేటివరకు భారతజట్టు ఒలింపిక్ ఫుట్‌బాలులో మరల అడుగిడలేదు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ రోముకు వెళ్లిన బృందములోనివాడే.

ఇక 1962. రహీం వయస్సు యాబదిరెండేండ్లు దాటినది. శరీరములో కాన్సరు వ్యాధి పని ప్రారంభించినది. అట్టి స్థితిలో ఆయన జట్టును వెంటబెట్టుకొని జకార్తాలో జరుగు ఆసియా క్రీడలకు వెళ్లిరి. చుని గోస్వామి కెప్టెన్. హైదరాబాదు వాసులలో బలరాం, యూసుఫ్ ఖాను, గోలుకీపరు పీటర్ తంగరాజు మున్నగువా రుండిరి.

మొదటి పోటీలోనే దక్షిణకొరియా మనలను రెండు గోలులతో ఓడించినది. మనకు ఒక్క గోలును రాలేదు. ఆ తరువాత థాయిలాండును నాలుగింటికి ఒకటిగా, జపానును రెండు గోలులతో గెలిచిరి. ఈలోపున రక్షణవరుసకు ఆయువుపట్టైన జర్నైల్ సింగు తలకు బలమైన గాయమై కుట్లు పడినవి. తంగరాజునకు జ్వరము వచ్చినది. ఇవి చాలవన్నట్లు ఊరంతయు మనకు విరోధమైనది. ఇస్రాయేలు, తైవాను దేశముల ఆటగాండ్రకు ఇండొనేషియా ప్రభుత్వము ప్రవేశము నిరాకరించినది. ఇట్లైనచో వీనిని ఆసియా క్రీడలనరాదని మన దేశపు క్రీడానాయకుడు గురుదత్ సోంధీ పట్టుబట్టిరి. దానితో జనము రేగి భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. మన జాతీయగీతము వినబడినంతనే ప్రేక్షకులు గేలిచేయుచుండిరి.

ఈ పరిస్థితిలో రహీం చేసిన ఆలోచన ఆయన జీవితమంతటికి మకుటము. గాయపడిన జర్నైల్ సింగును ఇంటికి పంపలేదు. పాతస్థానమున రక్షణకును నిలుపలేదు. అతనిని ముందువరుసకు తెచ్చి, గోలు వేయుపని అప్పగించిరి. రక్షకుడుగా మాత్రమే ఎరుగబడిన ఆ దృఢకాయుడు ముందు నిలుచునని ఎదుటివారు ఊహింపలేరు. అలవాటు లేని కాలితో ఆడుమని హైదరాబాదు బాలురకు నేర్పిన గురువు, తన జట్టునంతటిని అలవాటు లేని కాలితో ఆడించిన ట్లైనది. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మూడింటికి రెండుగా గెలిచిరి. ఆ మూడింటిలో ఒకటి జర్నైల్ సింగు వేసినదే.

ఫైనలులో ఎదురైనది మరల దక్షిణకొరియాయే. ముందురోజు రాత్రి ఆయన ఆటగాండ్రను కూర్చుండబెట్టుకొని, మరునాడు తనకొక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమనియు అడిగిరని ఆ ఆటగాండ్రే పిమ్మట చెప్పికొనిరి. ఆయన దేహములో నున్న వ్యాధిని తలచినచో ఆ కోరిక బరువు తెలియును.

ఆ రాత్రి కొరియావారి అభిమానులు ఏమి చర్చించుకొని యుందురు? మొదటి పోటీలో రెండు గోలులతో ఓడించిన జట్టే ఎదుట నున్నది. దాని ముఖ్యరక్షకుని తలకు కుట్లు. దాని గోలుకీపరు జబ్బుపడి లేచినవాడు. మైదానమంతయు దానికి విరోధము. వారు గోలుల లెక్క వేసికొనలేదని ఎవరు చెప్పగలరు? జాలరిపేట ఇసుకమీద నేను విన్న వాదమే ఆనాడు మరియొక భాషలో సాగియుండును. ఆ వాదములో బలహీనమైన జట్టు మనది.

1962 సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది విరోధుల నడుమ మనవా రాడిరి. ప్రేక్షకుల గుంపులో మనకై కేకలు వేసినవారిలో పాకిస్థాన్ హాకీ ఆటగాండ్రుండిరని చెప్పుదురు. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు వేసెను. మూడు నిమిషముల పిదప జర్నైల్ సింగు రెండవది వేసెను. చివరి నిమిషములలో కొరియావా రొకటి సాధించిరి. రెండింటికి ఒకటిగా ఆట ముగిసినది. గురువు అడిగిన కానుక శిష్యు లిచ్చిరి.

అదే ఆయన భారతజట్టుతో చేసిన చివరి ఆసియా క్రీడాయాత్ర. తొమ్మిది మాసములు గడచిన పిమ్మట, 1963 జూన్ 11వ తేదీన రహీం స్వర్గస్థులైరి. పాఠశాల ఉపాధ్యాయునివలె నెమ్మదిగా బ్రతికిన ఆయన నెమ్మదిగనే వెళ్లిపోయిరి. శిక్షకులకు ఇచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో నెలకొల్పబడినది. అప్పటికి ఆయన గతించి ఇరువదిరెండేండ్లు. కుమారుడు హకీమునకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము లభించినది. 2021లో ఆయనయు గతించిరి. 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడిన తరువాతనే క్రొత్తతరమువారు పలువురు రహీం పేరు విని, ఆయన హైదరాబాదువాడా యని ఆశ్చర్యపడిరి. మనవానిని మనకు ఇతరులు చెప్పవలసి వచ్చుట కొంచెము సిగ్గుపడవలసిన సంగతియే.

ఆయన తరువాత 1964 ఆసియా కప్పులో మన జట్టు రెండవ స్థానము పొందినది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కంచుపతకము వచ్చినది. అక్కడితో ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు పతకముల మాట ముగిసినది. ఇందులకు కారణములు పెక్కు. ఇతరదేశములు పెట్టిన ధనము, ఏర్పరచుకొన్న శిక్షణాలయములు, మన సంఘముల అలసత్వము, క్రికెట్టు మోజు అని ఎన్నియో చెప్పుదురు. అవి యన్నియు నిజమే కావచ్చును. వానితోపాటు మరియొక నిజ మున్నది. జకార్తాలో మనతో ఓడిన కొరియా, మనము రెండు గోలులతో ఓడించిన జపాను తమ బలహీనమైన కాలిని గుర్తించి దిద్దుకొన్నవి. మనము మన స్వర్ణపతకమును తలచుకొనుచు కూర్చుంటిమి. నేడు ఆ దేశములు ప్రపంచకప్పులో ఆడుచుండగా మనము చూచుచున్నాము.

మరల జాలరిపేటకు వత్తును. ఆ కుర్రవాండ్రకు ఈ కథ చెప్పవలెనని నేను కొంతసేపు నిలిచితిని. వారికి పుస్తకపు ఉపదేశము రుచింపదని తెలిసియు చెప్పితిని. జకార్తా ఫైనలు వరకు ఓపికతో వినిరి. గెలుపు విని చప్పట్లు కొట్టిరి. అందరిలో చిన్నవా డొకడు మాత్రము చప్పట్లు కొట్టక, మన ఆదివారపు పోటీలో కొరియా ఎవరని అడిగెను. ఎవ్వరును జవాబు చెప్పలేదు. వల అల్లుచున్న వృద్ధుడు తలయెత్తి ఆ బాలునివంక చూచెను.

ఆ సమయమున మరియొక పేటలో, మరియొక ఇసుకమీద, పోటీలన్నియు ఓడిన ఆ జట్టువారు ఏమి చేయుచుండిరో నాకు తెలియదు. చర్చించుటకు వారికి గెలుపులు లేవు. కనుక ఆడుచునే యుందురు. వారి నడుమ మాట తక్కువ, కన్ను ఎక్కువగల ఉపాధ్యాయు డొకడు నిలిచి, కుడికాలివానిచేత ఎడమకాలితో బంతి తన్నించుచుండవచ్చును. పోటీకి ముందు తలచుకొనవలసినది ఆయననే.